చదరంగం మీద పిల్లలకు మొహం మొత్తకుండా: విశాఖ తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మధురవాడ, గాజువాక, ఎటు వెళ్లినా విశాఖలో ఇప్పుడు చెస్ కోచింగ్ బోర్డు కనిపిస్తుంది. ఏడెనిమిదేళ్లకే పిల్లల్ని చేర్పిస్తున్నారు, బాగుంది. అదే పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి చాలామంది కనిపించరు. చదువు కోసం మానేసినవాళ్ల సంగతి వేరు. నేను చెప్పబోయేది ఆట బాగా వచ్చి, రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) కూడా తెచ్చుకుని, ఒక రోజు హఠాత్తుగా "నాకొద్దు" అనేసే పిల్లల గురించి. హఠాత్తు అనేది మన లెక్కలోనే. ఆ పిల్లల మనసులో అది ఏడాది నుంచీ నలుగుతున్న మాటే.

పిల్లలకు ఆట నేర్పేవాడిగా నాకు అర్థమైంది ఇది: చదరంగం కష్టమని ఎవరూ మానేయరు. ఆటకు సెలవు లేకపోవడం, ఓడిన ప్రతిసారీ ఇంట్లో విచారణ జరగడం, ఈ రెండే మొహం మొత్తిస్తాయి. రెండూ పెద్దవాళ్ల చేతిలో ఉన్నవే కాబట్టి కింద చెప్పినవన్నీ పెద్దవాళ్లు చేయాల్సిన పనులే.

ఇలా మొహం మొత్తడాన్నే ఇంగ్లీషులో బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని ఉద్యోగ జీవితంలో వచ్చే స్థితిగా వర్గీకరించి మూడు లక్షణాలు చెప్పింది. ఓపిక పూర్తిగా అయిపోవడం, చేసే పని మీద విముఖత, ఎంత చేసినా చేతకావట్లేదన్న భావన. పిల్లలకు ఉద్యోగం లేదు కదా అనకండి. స్కూలు, ఐఐటీ ఫౌండేషన్, చెస్ క్లాసు, ఆన్‌లైన్ పజిల్స్ కలిపి చూస్తే మనలో చాలామంది ఆఫీసు పని కంటే అదే ఎక్కువ.

మొదటి అడుగు: అలసటా, విసుగా, అంతకు మించిందా?

ఐదు రోజుల టోర్నమెంటు ఆడి వచ్చి రెండు రోజులు నిద్రపోతే అది అలసట. విశ్రాంతి ఇస్తే పోతుంది. రూక్ ఎండ్‌గేమ్ (ఏనుగులతో ఆట ముగించే పాఠం) పేరెత్తితే మొహం ముడుచుకుని, టాక్టిక్స్ (పావులు గెలిచే ఎత్తుగడలు) అనగానే లేచి కూర్చుంటే అది ఒక పాఠం మీద విసుగు. పాఠం మారిస్తే సరిపోతుంది. గెలిచినా మొహంలో ఏమీ కనిపించనప్పుడు మాత్రం ఆగి చూడాలి. ఓడిపోతే ఏడ్చే పిల్ల గురించి నాకు అంత బెంగ ఉండదు. గెలిచి వచ్చి, "అయిపోయింది, ఇంటికి వెళ్దామా" అనే పిల్ల గురించి ఉంటుంది.

పిల్లల్ని అడిగితే సరైన జవాబు రాదు. "బాగానే ఉంది" అంటారు. స్కోర్‌షీట్ మాత్రం దాచదు. టోర్నమెంటు అయ్యాక మొదటి రౌండు షీటునూ ఆరో రౌండు షీటునూ పక్కపక్కన పెట్టండి. మొదటిదాంట్లో ప్రతి ఎత్తూ గడిలో సరిగ్గా కూర్చుని ఉంటుంది. నాలుగైదు ఎత్తులకొకసారి పక్కన క్లాక్ టైం రాసి ఉంటుంది. ఆరోదాంట్లో టైం రాయడం పదో ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. అక్షరాలు ఒకవైపు వాలిపోతాయి. చెక్ గుర్తు, కొట్టిన గుర్తు మాయమవుతాయి. ఒక చోట ఒక ఎత్తు రాయనే రాయక, అక్కడి నుంచి తెల్లవాళ్ల ఎత్తులన్నీ నల్లవాళ్ల గడుల్లోకి జరిగిపోయి ఉంటాయి.

రెండో సాక్షి గడియారం. మన దగ్గర క్లాసికల్ (తీరిగ్గా ఆలోచించి ఆడే) ఆటకు ఒక్కొక్కరికీ ఎక్కువగా పెట్టేది 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అదనం. 40 ఎత్తుల ఆటలో అదనమే 20 నిమిషాలు వస్తుంది. ఆ ఆట మొత్తానికి పిల్లాడు 15 నిమిషాలే వాడితే, లేచేటప్పుడు గడియారంలో 95 నిమిషాలుంటాయి. అంటే మొదలుపెట్టినప్పటి కంటే ఎక్కువ. ఇలాంటివి ఒక్కటి కనిపిస్తే కంగారు పడొద్దు. ఫోన్లో బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే ఆట) ఆడే అలవాటు వల్ల కూడా తొందర వస్తుంది. ఇంతకు ముందు కూర్చుని ఆలోచించే పిల్లాడే వరుసగా మూడు నాలుగు ఆటలు అలా విసిరేస్తున్నాడంటే, వాడికి ఆ హాల్లోంచి బయటపడటమే ముఖ్యమైపోయిందన్నమాట.

ఇంకొన్ని: టోర్నమెంటు ఉన్న ఉదయాల్లోనే వచ్చే కడుపునొప్పి, క్లాసు టైముకే గుర్తొచ్చే హోంవర్క్, ఊరికే తమ్ముడి మీద చిరాకు. కడుపునొప్పినీ తలనొప్పినీ ముందు డాక్టరుకు చూపించండి, కళ్లు కూడా పరీక్ష చేయించండి. అన్నిటికీ బర్నౌట్ అని పేరు పెట్టేసి అద్దాలు అవసరమైన పిల్లాడికి విశ్రాంతి ఇస్తే ఏం లాభం?

రెండో అడుగు: వారాన్ని కాగితం మీద పెట్టండి

నోటితో చెప్తే "రోజుకు గంటే కదండీ" అంటారు. రాస్తే నిజం బయటపడుతుంది. ఉదాహరణకు కూర్మన్నపాలెంలో ఉండే ఆరో తరగతి పాపను అనుకుందాం. వారానికి రెండు రోజులు సిరిపురంలో క్లాసు, గంటన్నర చొప్పున. సాయంత్రం ట్రాఫిక్‌లో రానూపోనూ రెండు గంటలు. ఇంకో రెండు రోజులు ఆన్‌లైన్ క్లాసు, గంట చొప్పున. రోజూ పజిల్స్ అరగంట. ఆదివారం ప్రాక్టీసు ఆటలు నాలుగు గంటలు. ఆటే పన్నెండున్నర గంటలు అయింది, ప్రయాణం మరో నాలుగు. ఇది స్కూలుకీ ట్యూషనుకీ పైన.

ఎంత ఉండాలి? పిల్లల క్రీడా వైద్యంలో ఒక మోటు లెక్క ఉంది. పిల్లల వయసెంతో, వారానికి శిక్షణ, పోటీ కలిపి అన్ని గంటలు దాటకూడదని. పదేళ్ల పిల్లకి పది గంటలు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం వారానికి కనీసం ఒకటి రెండు రోజులు ఆ ఆటకు పూర్తి సెలవు ఇమ్మంటుంది. ఇవి పరుగులు, ఈత లాంటి ఆటలకు చెప్పినవి. చదరంగానికి అచ్చంగా సరిపోతాయని అనను గానీ, లెక్కే లేకుండా ఉండటం కంటే ఇది నయం. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకైతే నేను ఇంకా తగ్గిస్తాను, వారానికి నాలుగైదు గంటలు చాలు. పదమూడు దాటి, తనంతట తానే బోర్డు ముందు కూర్చునే పిల్లల్ని గంటలు లెక్కపెట్టి లేపనక్కర్లేదు. సెలవు రోజు మాత్రం వాళ్లకూ ఉండాలి.

ఈ లెక్కలో టోర్నమెంటును కూడా వేయండి, అక్కడే కళ్లు తెరుచుకుంటాయి. తొమ్మిది రౌండ్లు, ఆటకు సగటున మూడు గంటలు అనుకుంటే 27 గంటలు. పదేళ్ల పిల్లకి అది దాదాపు మూడు వారాల కోటా, ఐదు రోజుల్లో అయిపోయింది. ఆ సోమవారం సాయంత్రమే మళ్లీ క్లాసుకు దింపడం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

మూడో అడుగు: కోయండి

ముందు కోయాల్సింది ప్రయాణం. రెండు నేరు క్లాసుల్లో ఒకటి ఆన్‌లైన్‌కు మార్చమని కోచ్‌ను అడగండి, లేదా రెండిటినీ కలిపి శనివారం ఉదయం పెట్టమనండి. ఎన్‌ఏడీ దగ్గర బండి వెనక కూర్చుని గడిపే గంటల వల్ల ఎవరి ఎండ్‌గేమూ బాగుపడదు.

తర్వాత, వారంలో ఒక రోజు చదరంగం లేని రోజు. ఏ రోజన్నది పిల్లలే ఎంచుకోవాలి. పూర్తి సెలవంటే పజిల్స్ లేవు, యూట్యూబ్‌లో గ్రాండ్‌మాస్టర్ల వీడియోలు లేవు, అన్నం తింటూ ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) గురించి మాట్లాడటం లేదు. మొదటి రెండు వారాలు తల్లిదండ్రులకే కష్టంగా ఉంటుంది. బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ ఆట ఊసెత్తకుండా ఉండగలిగే తండ్రిని నేను చాలా అరుదుగా చూశాను.

ఆ రోజు ఒళ్లు కదలాలి. సముద్రం ఉన్న ఊరు మనది. పొద్దున్నే బీచ్ రోడ్డులో సైకిలు, కాలనీలో క్రికెట్, షటిల్, ఏదైనా సరే. దాన్ని కూడా కోచింగ్‌గా మార్చకండి.

రోజువారీ సాధనలో ఒకటే సూత్రం: ఆకలి ఉండగానే విస్తరి ముందు నుంచి లేవనివ్వాలి. వంద పజిల్స్ టార్గెట్ పెడితే నలభై తర్వాత పిల్లలు ఊహించడం మొదలుపెడతారు, వేలు పెట్టి చూస్తారు, తప్పయితే ఇంకోటి నొక్కుతారు. ఇరవై నిమిషాలు, బోర్డు మీద పావులు పెట్టి, జవాబు పూర్తిగా చెప్పాకే ఎత్తు వేయాలని పెట్టండి. "ఇంకొకటి చేస్తా" అంటే, రేపు అనండి.

నాలుగో అడుగు: ఏడాది క్యాలెండర్

మన పిల్లల ఏడాది జూన్‌లో స్కూలుతో మొదలై, దసరా, సంక్రాంతి దాటి, మార్చి ఏప్రిల్ పరీక్షలతో ముగుస్తుంది. టోర్నమెంట్లు దీన్ని పట్టించుకోవు. అందుకే ఏడాది మొదట్లోనే మూడు నాలుగు పెద్దవి ఎంచుకుని మిగతావాటికి వద్దు అనడం అలవాటు చేసుకోవాలి. అండర్ 7 నుంచి అండర్ 19 దాకా రెండేళ్లకొకటి చొప్పున జాతీయ వయోవిభాగాలుంటాయి. మీ పిల్లల విభాగంలో రాష్ట్ర ఎంపికలు ముఖ్యమనుకుంటే ఆ తేదీని ముందు రాసుకోండి. దానికి ముందు రెండు వారాలు, తర్వాత ఒక వారం ఇంకేదీ పెట్టకండి.

విశాఖ నుంచి బయటికి వెళ్లడం వేరే భారం. విజయవాడ దాదాపు 350 కిలోమీటర్లు, చెన్నై దాదాపు 800. హైదరాబాద్, భువనేశ్వర్ కూడా దగ్గరేం కావు. రాత్రి రైల్లో వెళ్లి, స్టేషన్లో మొహం కడుక్కుని, పదింటికి మొదటి రౌండు ఆడించడం మనవాళ్లకు మామూలైపోయింది. ఒక రోజు ముందు వెళ్లే వీలుంటేనే బయటి ఊరి టోర్నమెంటు ఒప్పుకోండి. ప్రయాణం రోజును ఆడిన రోజుగానే లెక్కించండి.

"నెలకు మూడు ఆడితేనే రేటింగ్ పెరుగుతుంది" అనేవాళ్లకు ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నిబంధనే జవాబు చెప్తుంది. 18 ఏళ్లు నిండే సంవత్సరం చివరి దాకా, రేటింగ్ 2300 లోపు ఉన్నంతవరకు, పిల్లలకు కె ఫ్యాక్టర్ (ఒక్కో ఆటకు రేటింగ్ ఎంత మారాలో తేల్చే గుణకం) 40. అయితే ఒక రేటింగ్ నెలలో ఆడిన ఆటల సంఖ్యను కె తో గుణిస్తే 700 దాటకూడదు. దాటితే కె తగ్గిస్తారు. తొమ్మిది రౌండ్ల టోర్నమెంట్లు నెలలో రెండు ఆడితే 18 ఆటలు, కె 38 అవుతుంది. మూడు ఆడితే 27 ఆటలు, కె 25కి పడిపోతుంది. మూడో టోర్నమెంటుకు రైలు ఛార్జీలు, ఎంట్రీ ఫీజు, హోటలు ఖర్చు మాత్రం తగ్గవు.

సంక్రాంతికి బోర్డు ఇంట్లోనే వదిలేయండి. భోగి నుంచి కనుమ దాకా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో అమ్మమ్మ గారింట్లో పిల్లల మధ్య తిరిగితే ఆట ఎక్కడికీ పోదు. వార్షిక పరీక్షలయ్యాక కూడా వేసవి క్యాంపులోకి నేరుగా తోయకుండా పది రోజులు ఖాళీ ఇవ్వండి. ఆ ఎండలో పొద్దున్నా సాయంత్రం రెండు పూటలా క్యాంపు అని ప్రకటించే చోట నేనైతే ఒక పూటకే చేరుస్తాను.

ఐదో అడుగు: టోర్నమెంటు రోజు

పైన చెప్పిన 90 నిమిషాలు, 30 సెకన్ల ఆటలో 60 ఎత్తులు పడితే ఒక్కొక్కరికీ రెండు గంటలు, ఇద్దరికీ కలిపి నాలుగు. రోజుకు రెండు రౌండ్లంటే ఎనిమిది గంటల దాకా కుర్చీలోనే. పెద్దవాళ్లకే నడుము పట్టేస్తుంది.

రెండు రౌండ్ల మధ్య దొరికే గంటా గంటన్నరను చాలామంది హాలు బయటే పాడు చేసుకుంటారు. వరండాలో గోడవారగా తండ్రులు నిలబడి పెయిరింగుల (ఎవరికి ఎవరితో ఆట అనే) పేజీ మళ్లీ మళ్లీ తెరుస్తుంటారు. ఒకరు ఇంజిన్ (ఎత్తుల్ని బేరీజు వేసే కంప్యూటర్ ప్రోగ్రాం) పెట్టి ఇరవై రెండో ఎత్తు దగ్గర ఏం పోయిందో చూపిస్తుంటారు. పిల్లాడి చేతిలో చల్లారిపోయిన ఇడ్లీ అలాగే ఉంటుంది. ఇలా కాకుండా, హాలు నుంచి కనీసం వంద అడుగులు దూరం తీసుకెళ్లండి. ముందు నీళ్లు, తర్వాత తేలికైన తిండి, పెరుగన్నమో అరటిపండో. బిరియానీ చివరి రౌండు తర్వాత. అయిపోయిన ఆట గురించి ఆ గ్యాప్‌లో ఒక్క మాట కూడా వద్దు. ఎదుటివాడి రేటింగ్ ఎంతో పిల్లాడికి చెప్పక్కర్లేదు. వాడు చూసుకుంటే చూసుకోనివ్వండి.

చిన్న పిల్లలకు తొమ్మిది రౌండ్ల క్లాసికల్ ఎక్కువైతే ఒక రోజులో అయిపోయే ర్యాపిడ్ (తక్కువ టైముతో ఆడే పోటీ) ఉంటుంది. నిబంధనల్లో అర పాయింటు బై (ఆ రౌండు ఆడకుండానే అర పాయింటు తీసుకోవడం) అడిగే వీలుంటే, మధ్యలో ఒక ఉదయం రౌండు వదులుకుని నిద్రపోనివ్వడం కూడా తెలివైన పనే. అర పాయింటు పోతుందని మనసు పీకుతుంది నిజమే.

ఆరో అడుగు: ఓడిన తర్వాత గంట

మిగతా అన్ని అడుగులూ వదిలేసినా ఇది వదలొద్దు.

తలుపు తోసుకుని పిల్లాడు బయటికొస్తాడు. స్కోర్‌షీట్ నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుంటూ ఉంటాడు. నాన్న ఎదురెళ్తాడు.

"ఏటైంది రా?"

"పోయింది."

"పోయిందా? నువ్వు పీస్ అప్ ఉన్నావ్ కదా, ఒక పావు ఎక్కువే ఉంది కదా, నేను కిటికీలోంచి చూశాను!"

"..."

"ఎన్నిసార్లు చెప్పాలి రా, తొందరపడొద్దని? మీ సార్ కూడా అదే కదా చెప్తారు?"

తండ్రి చెడ్డవాడేం కాదు. రెండు గంటలు కిటికీ దగ్గర కాళ్లు నొప్పులు పుట్టేలా నిలబడ్డాడు, ఆయనకూ టెన్షనే. కానీ పిల్లాడి చెవికి చేరింది వేరు. ఆట పోవడం ఒక శిక్ష, నాన్న మొహం చూడటం రెండో శిక్ష. ఇలా నాలుగు టోర్నమెంట్లు జరిగాక వాడు బోర్డు ముందు కూర్చున్నప్పుడే తలుపు బయట నిలబడ్డ మనిషి గురించి ఆలోచిస్తుంటాడు. అక్కడి నుంచి ఆట మీద అయిష్టం ఎంతో దూరం ఉండదు.

ఏం చేయాలి? మొదటి మాట ఫలితం గురించి కాకూడదు. "దా, ఏమైనా తిందాం" చాలు. వాడు చెప్తే వినండి, చెప్పకపోతే అడగొద్దు. ఏడిస్తే ఏడవనివ్వండి. "మగపిల్లాడివి, ఏడుస్తావేంటి" అనే మామయ్యను దూరం పంపండి. కారులో గానీ బండి మీద గానీ ఇంటికెళ్లే దారంతా ఆట మాట నిషేధం. అమ్మకు ఫోన్ చేసి పిల్లాడి ముందే "ఓడిపోయాడు" అని చెప్పడం కూడా ఈ నిషేధంలోదే. గెలిచిన రోజు కూడా ఇదే పద్ధతి పాటించండి. గెలిస్తే పిజ్జా, ఓడితే మౌనం అనే ఇంట్లో పెరిగే పిల్లలకు పిజ్జా రాని రోజు ఏమిటో బాగా తెలుసు.

ఆటను విడదీసి చూడటం మర్నాడు. ముందు పిల్లలే, ఇంజిన్ లేకుండా, బోర్డు మీద ఆట మళ్లీ ఆడి మూడు చోట్ల గుర్తు పెట్టాలి: ఎక్కడ ప్లాన్ తెలియలేదు, ఎక్కడ భయపడ్డాను, ఎక్కడ బాగా ఆడాను. మూడోది తప్పనిసరి. తర్వాత కోచ్, అన్నిటికంటే చివర ఇంజిన్. ప్రపంచ ఛాంపియన్ గుకేశ్ చిన్నతనంలో చాలాకాలం ఇంజిన్ ముట్టకుండా నేర్చుకున్నాడు, ఆ పద్ధతి పెట్టింది కోచ్ విష్ణు ప్రసన్న. మన ఏడో తరగతి పిల్లాడికి ప్రతి ఎత్తుకూ యంత్రం చేత మార్కులు వేయించాల్సిన తొందరేం లేదు.

ఏడో అడుగు: రేటింగ్‌ను దాని చోట ఉంచడం

కె 40 అంటే ఏమిటో ఇంట్లో అందరూ ఒకసారి కూర్చుని లెక్కగట్టండి. తనతో సమానమైన రేటింగ్ ఉన్నవాడితో ఓడితే 20 పాయింట్లు పోతాయి, గెలిస్తే 20 వస్తాయి. సమానుల మీద తొమ్మిదింట మూడు పాయింట్లే వస్తే టోర్నమెంటుకు 60 పోయినట్టు. అదే ఆట ఆడిన పెద్దవాడికి కె 20 కాబట్టి 30 పోతాయి. పిల్లల రేటింగ్ ఊగడం ఆ లెక్కలోనే ఉంది, పిల్లాడి తలలో ఏదో చెడిపోవడం వల్ల కాదు. పైగా వాళ్లకు ఎదురయ్యేది ఎక్కువగా తమలాంటి పిల్లలే. నేర్చుకున్న ఆట రేటింగ్‌లోకి ఎక్కడానికి టైం పడుతుంది కనుక 1450 అని రాసి ఉన్నవాడు 1700 ఆట ఆడుతుంటాడు.

2024 మార్చి నుంచి ఫిడే కనీస రేటింగ్‌ను 1000 నుంచి 1400కు పెంచింది. దానికంటే కింద పడితే జాబితాలో అన్‌రేటెడ్ అవుతారు. 1430 దగ్గరున్న పిల్లల ఇళ్లలో దీని గురించే గుబులు. అన్‌రేటెడ్ అయితే కొత్తవాళ్లలాగే మళ్లీ తెచ్చుకోవచ్చు, అంతకు మించి ఏమీ జరగదు. ఈ సంగతి పిల్లలకు మీ నోటితోనే, మామూలుగా చెప్పండి. చెప్పకుండా దాస్తే భూతంలా పెరుగుతుంది.

రేటింగ్ జాబితా నెలనెలా వస్తుంది గానీ ఇంట్లో మూడు నెలలకొకసారి చూస్తే చాలు. లక్ష్యాలు పిల్లల చేతిలో ఉన్నవి పెట్టండి. ఐదు ఎత్తులకొకసారి టైం రాయడం, ఎత్తు వేసే ముందు ఎదుటివాడి బెదిరింపు ఏమిటో చూడటం, ఓడిన ఆటలన్నీ మర్నాడు విడదీయడం. ఇవి చేసి ఓడితే అది మంచి టోర్నమెంటే.

కోచ్‌లకు కూడా ఒక మాట. వాట్సాప్ గ్రూపులో గెలిచినవాళ్ల ఫొటోలు పెడితే, ఫొటో లేని పన్నెండు మంది తల్లులు ఆ రాత్రి ఏం మాట్లాడతారో మీకు తెలియంది కాదు. ప్రకటన కోసమే అయితే బయటి పేజీలో పెట్టుకోండి, పిల్లలున్న గ్రూపును వదిలేయండి.

ఎనిమిదో అడుగు: ఫోను, నిద్ర

రాత్రి తొమ్మిది తర్వాత బ్లిట్జ్, అంతకంటే వేగమైన బుల్లెట్ వద్దు. ఓడినవాడు "ఇంకొక్క గేమ్" అంటూ పదకొండు దాకా ఆడతాడు. అది సాధనా కాదు, విశ్రాంతీ కాదు. లీచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో అయితే ఆటగాళ్ల రేటింగులు కనిపించకుండా చేసే సెట్టింగు ఉంది, పెట్టేయండి.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలన్నది నిద్రా వైద్యుల సిఫారసు. పొద్దున ఐదింటికి లేపి పజిల్స్ చేయించే ఇళ్లలో ఈ లెక్క కుదరదు. పజిల్స్ తీసేయండి.

తొమ్మిదో అడుగు: ఇప్పటికే మొత్తేసి ఉంటే

విరామం ఇవ్వండి, భయపడకండి. మన కోనేరు హంపి 2017లో పాప పుట్టిన సమయంలో దాదాపు రెండేళ్లు పోటీలకు దూరంగా ఉన్నారు. తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు, 2024లో న్యూయార్క్‌లో ఆ టైటిల్ మళ్లీ గెలిచారు. ఆవిడ కారణం వేరు, స్థాయి వేరు. ఆరు వారాలు ఆపితే అంతా మర్చిపోతారనే తల్లిదండ్రులకు మాత్రం ఇది గుర్తు చేయాల్సిందే.

మొదటి మూడు వారాలు క్లాసు లేదు, పజిల్స్ లేవు, "ఎప్పుడు మొదలెడతావ్?" అన్న ప్రశ్న లేదు. బోర్డు అటక ఎక్కించొద్దు, అలాగని టేబుల్ మీద పరిచి ఆశగా చూడొద్దు. ఎప్పుడూ ఉండే చోటే ఉండనివ్వండి. నాలుగో వారం దాటాక పిల్లలు తామే తాతయ్యతోనో చెల్లితోనో సరదాగా ఒక ఆట వేస్తే, పక్కనుంచి ఎత్తులు చెప్పకండి. ఆ తర్వాత వారానికి ఒక్క క్లాసు. ఏం నేర్చుకోవాలో మొదటి నెల వాళ్లే ఎంచుకోవాలి. ఓపెనింగ్ ఫైళ్లు కాకుండా కాంబినేషన్లు, పాత మేటి ఆటలు, వింత ముగింపులు చూపించమని కోచ్‌కు చెప్పండి. తిరిగి ఆడే మొదటి పోటీ ఒక్కరోజు ర్యాపిడ్, అదీ ఊళ్లోనే, వీలైతే స్నేహితులతో కలిసి.

చదరంగమే కాదు, స్నేహితులు, క్రికెట్, ఇష్టమైన తిండి కూడా వద్దంటూ, నిద్ర సరిగా లేక రెండు వారాలు గడిస్తే అది కోచ్ చూడాల్సిన విషయం కాదు. పిల్లల డాక్టరును గానీ మానసిక వైద్యుణ్ని గానీ కలవండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతాను లాంటి మాట వినిపిస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి. మానసిక వైద్యం అనగానే సంకోచించే ఇళ్లకు ఒక విషయం: 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆయన బృందంలో ప్యాడీ అప్టన్ అనే మానసిక శిక్షకుడు ఉన్నాడు.

పదో అడుగు: నిజంగానే మానేస్తానంటే

విరామం తర్వాత కూడా వద్దంటే వద్దనే. ఓడిన రోజు రాత్రి చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోకండి. మామూలు మంగళవారం సాయంత్రం, కడుపు నిండా తిని, ప్రశాంతంగా చెప్పిన మాటను తీసుకోండి. ఒకసారి అడగండి: ఆట వద్దా, పోటీలు వద్దా, ఈ కోచ్ వద్దా? మూడూ వేర్వేరు. పోటీలు వద్దనే పిల్ల ఇంట్లో హాయిగా ఆడుకోవచ్చు. కోచ్‌తో పొసగకపోతే మార్చుకోవచ్చు, విశాఖలో కోచ్‌లకు కొదవ లేదు. ఆటే వద్దంటే కోచ్‌కు మీరు ఫోన్ చేసి చెప్పేయకుండా, పిల్లల్నే తీసుకెళ్లి చెప్పించండి. చాలామంది కోచ్‌లు నవ్వుతూ భుజం తట్టి పంపుతారు. అలా తట్టించుకున్న పిల్లలు కొందరు ఇంటర్ అయ్యాక కాలేజీ జట్టులో మళ్లీ కనిపించడం నేను చూశాను. ముందే కట్టిన మూడు నెలల ఫీజు గురించి మాత్రం పెద్దవాళ్లు పెద్దవాళ్లే మాట్లాడుకోండి, ఆ లెక్క పిల్లల చెవిన పడనక్కర్లేదు.